హెల్గా గారి అద్దె మోటార్ సైకిలు

నేను జీవితంలో ఒకే ఒక్కసారి మోటార్ సైకిలు నడిపాను. మొత్తం రెండు ఫర్లాంగులు. ఆ రెండు ఫర్లాంగుల్లోనే ఒక కోళ్ళగంప, ఒక నీళ్ళబిందె, ఒక ఇల్లాలి నాలుగు నెలల కష్టం, మా నాన్నగారి పరువు, పశ్చిమ జర్మనీతో మా వ్యాపారం వరసగా నా చక్రాలకు అడ్డం వచ్చాయి. అడ్డం వచ్చాయంటున్నాను చూశారా, అదీ నా బుద్ధి. అవన్నీ ఎక్కడివక్కడే ఉన్నాయి. వెళ్ళింది నేను.

ఎనభైల మొదటి రోజులు. మాది పాలకొల్లు. లేసు వ్యాపారం. చుట్టుపక్కల ఊళ్ళలో ఆడవాళ్ళు మధ్యాహ్నం వంటపని అయ్యాక అరుగుల మీద చేరి, చివర కొక్కెం ఉన్న చిన్న సూదితో తెల్లదారాన్ని పువ్వులుగా అల్లుతారు. నాన్నగారు వాళ్ళకు దారం ఇచ్చి, అల్లిన గుడ్డలు తీసుకుని, మద్రాసులో ఒక పెద్దమనిషి ద్వారా పై దేశాలకు పంపేవారు. నేను బీకాం పూర్తి చేసి కొట్లో కూర్చునేవాణ్ణి. నాకున్న అర్హత ఇంగ్లీషు ఒక్కటే. అదైనా ఎంత వచ్చో తేల్చగలిగినవాళ్ళు మా ఇంట్లో లేకపోవడం వల్ల బాగా వచ్చనే పేరు స్థిరపడింది.

ఒకరోజు జర్మనీ నుంచి ఉత్తరం వచ్చింది. మా లేసు కొంటున్న కంపెనీ తరఫున హెల్గా అనే ఆవిడ స్వయంగా వస్తోందట. అల్లేవాళ్ళ చేతులు చూడాలట. నచ్చితే ఇకనుంచి మద్రాసుతో పని లేకుండా ఏటా మాకే నేరుగా ఆర్డరు ఇస్తారట.

నాన్నగారు ఉత్తరం నాతో మూడుసార్లు చదివించుకుని, కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

"ఒరేయ్ రత్నం, ఆవిడున్నన్నాళ్ళూ నువ్వు మాట్లాడ్డం తప్ప ఇంకేం చెయ్యకు. దేన్నీ ముట్టుకోకు."

"ఏంటి నాన్నగారూ, నేనేమన్నా చిన్నపిల్లాణ్ణా?"

"చిన్నపిల్లాడివైతే చెప్పేవాణ్ణి కాదు, ఎత్తుకుని కూర్చునేవాణ్ణి."

అయిదు నెలలకు ఆవిడ రైలు దిగింది. యాభై దాటి ఉంటాయి. పొడుగ్గా, పొట్టి నెరిసిన జుట్టుతో, ప్యాంటు వేసుకుని ఉంది. ఒక చేతిలో సంచి, రెండో చేతిలో తెల్లగా గుండ్రంగా ఏదో ఉంది. దండ వేద్దామని నిలబడ్డ మా అమ్మ దాన్ని చూసి నా చెవిలో అంది:

"గుండిగ కూడా తెచ్చుకుందేంట్రా, వంట తనే చేసుకుంటుందా?"

"అది హెల్మెట్ అమ్మా. బండి నడిపేటప్పుడు నెత్తిన పెట్టుకుంటారు."

"ఏ బండి?"

మంచి ప్రశ్న. జవాబు మర్నాడు పొద్దున్న తెలిసింది. నాన్నగారు ఆవిడ కోసం అంబాసిడర్ టాక్సీ మాట్లాడి, పసుపు రాసి, నిమ్మకాయ కట్టించి ఇంటి ముందు నిలబెట్టారు. ఆవిడ దాని చుట్టూ ఒకసారి తిరిగి, కాలవగట్ల మీద ఇది వెళ్తుందా అని అడిగింది. నేను డ్రైవర్ని అడిగాను.

"గట్టు మీదికి కారేంటండి బాబూ, సైకిలే దిగి నడిపించుకుంటారు."

"అయితే మోటార్ సైకిలు కావాలి," అంది హెల్గా గారు. "నేను ఏ దేశం వెళ్ళినా అద్దెకు తీసుకుని నడుపుతాను. ముప్ఫై ఏళ్ళుగా నడుపుతున్నాను. ఎక్కడా పడలేదు."

"అంత బాగా నడుపుతారా?" అన్నాను.

"లేదు. కొత్త దేశం, కొత్త బండి, కొత్త రోడ్డు. కాబట్టి ఎప్పుడూ భయపడుతూనే నడుపుతాను."

ఆ మాట విని నాకు ఆవిడ మీద చిన్నచూపు కలిగింది. భయపడటం కూడా ఒక విద్యేనని అప్పటికి తెలియదు.

పాలకొల్లులో అప్పుడు మోటార్ సైకిళ్ళు అద్దెకిచ్చే కొట్టు ఎక్కడిది? గంటల లెక్కన సైకిళ్ళిచ్చే సత్యం అనే మెకానిక్ దగ్గర మాత్రం ఒక పాత ఆకుపచ్చ బండి ఉండేది. తెలిసినవాళ్ళు అడిగితే ఇచ్చేవాడు. ఆవిణ్ణి అక్కడికి తీసుకెళ్ళాను. ఇచ్చేయ్, పట్టుకుపోతాం అన్నట్టు నేను నిలబడితే, ఆవిడ మోకాళ్ళ మీద కూర్చుని టైర్లు వేళ్ళతో నొక్కింది. గొలుసు పట్టుకుని ఊపింది. దీపం వేసింది, ఆర్పింది. తరవాత సంచిలోంచి చిన్న పుస్తకం తీసి, బండి మీదున్న గీతలూ సొట్టలూ ఒక్కొక్కటే బొమ్మ గీసి మరీ రాసుకుంది.

సత్యం బీడీ ఆర్పేశాడు.

"ఏంటండి రత్నం గారూ ఇది? బండి అద్దెకి కావాలా, సంబంధం కలుపుకోడానికొచ్చారా?"

"ఆవిడ పద్ధతి అంతే సత్యం. ఏం అనుకోకు."

"అనుకోవడం కాదండి. నా పెళ్ళాన్ని కూడా నేనింత చూడలేదండి."

"ఏమంటున్నాడు?" అని అడిగింది ఆవిడ.

"చాలా సంతోషంగా ఉందంటున్నాడు," అన్నాను.

"బ్రేకు పట్టడం లేదని చెప్పండి."

చెప్పాను. సత్యం నొచ్చుకున్నాడు. "పట్టకపోవడమేంటండి, పడతాది. కాకపోతే దానికి కాస్త ముందుగా చెప్పాలి."

దీన్ని ఎలా అనువదించాలో నాకు తోచలేదు. అనువాదంతో పని లేకుండానే ఆవిడ అక్కడున్న ముక్కాలిపీట మీద కూర్చుని, బ్రేకు బాగుచేస్తేగాని లేవనంది. సత్యం గొణుక్కుంటూనే బ్రేకులు మార్చాడు, గొలుసు బిగించాడు, చక్రాలకు గాలి కొట్టాడు. అంచేత, ఆడలేక మద్దెల ఓడు అన్నట్టు, నడపలేక బండి ఓడు అనే సౌకర్యం కూడా నాకు లేకుండా పోయింది. ఆ రోజు పాలకొల్లులో అంతకన్నా మంచి బండి లేదు.

వాళ్ళ దేశంలో బండ్లు రోడ్డుకు కుడిపక్కన వెళ్తాయట. ఇక్కడ ఎడమపక్క అని మరిచిపోకుండా పెట్రోలు ట్యాంకు మీద చిన్న తెల్లకాగితం అతికించి, దాని మీద ఎడమవైపుకు బాణం గీసుకుంది. సత్యం పెరట్లో పావుగంట గుండ్రంగా తిరిగింది. ఆ బండికి గేరు కుడికాలి దగ్గర, బ్రేకు ఎడమకాలి దగ్గర. ఆవిడ దేశపు బండ్లకు అది తిరగేసి ఉంటుందిట. "కాళ్ళు రెండూ కొత్తగా నేర్చుకోవాలి" అని, ఆగడం, కదలడం, మళ్ళీ ఆగడం. చూసేవాళ్ళకు విసుగు. నేను గోడకానుకుని ఆవలించాను. ఆ పావుగంటా ఆవలించకుండా చూసి ఉంటే ఈ కథ ఉండేది కాదు.

"ఇప్పుడు కూర్చోండి," అంది.

"ఎక్కడ?"

"వెనక."

చూడండి, అప్పుడు నాకు ఇరవైమూడేళ్ళు. కొత్తగా మీసం పెంచాను. పాలకొల్లు నడిబజారులో, మా కొట్టు ముందు నుంచి, ఒక ఆడమనిషి బండి నడుపుతుంటే నేను వెనక కూర్చోవాలి. అంతటితో పోలేదు. వెనక కూర్చునేవాళ్ళకు కూడా తలకు రక్షణ లేకపోతే బండి కదలదట. ఊళ్ళో ఇంకో హెల్మెట్ లేదు. చివరికి సత్యం దగ్గరున్న రెండు తువ్వాళ్ళు నా తలకు చుట్టి, ఆవిడే ముడి వేసి, కొట్టి చూసి, సరే అంది.

అలా ఊరేగాను. ఆవిడ మలుపు వచ్చినప్పుడల్లా చెయ్యి బారుగా చాపి సైగ చేసేది. దారినపోయేవాళ్ళు తమకే చెయ్యి ఊపుతోందనుకుని వాళ్ళూ ఊపేవారు. గేదె అడ్డం వస్తే ఆగేది. మేక వస్తే ఆగేది. ఒక కోడి రోడ్డు దాటాలా వద్దా అని ఆలోచిస్తుంటే అది తేల్చుకునేదాకా ఆగింది. మా వీధి చివర బట్టలకొట్టు వీరభద్రం గారు అరుగు మీద నుంచి పలకరించారు.

"ఏవండీ రత్నం గారూ, తలపాగాతో బయల్దేరారు, ముహూర్తం ఎన్నింటికండీ?"

"పనిమీద వెళ్తున్నాం బాబాయి గారూ."

"ఆయ్, అంతేలెండి. గట్టిగా పట్టుకోండి, పడిపోగలరు."

ఆ రోజూ మర్నాడూ నాలుగు ఊళ్ళు తిరిగాం. ఆవిడ అరుగుల మీద అల్లేవాళ్ళ మధ్య కూర్చుని, దారం సాగదీసి చూసి, పిల్లల్ని ఎత్తుకుని, మజ్జిగ తాగి, అందరి మనసూ దోచుకుంది. వ్యాపారం బ్రహ్మాండంగా నడుస్తోంది. బండీ బ్రహ్మాండంగానే నడుస్తోంది. బాగాలేనిది నేనొక్కణ్ణే. ఎక్కడికి వెళ్ళినా మగవాళ్ళు ఆవిడకు దణ్ణం పెట్టి, నావైపు చూసి, మీసాల చాటున నవ్వుకునేవారు. ఒకాయనైతే, "తమరికి బండి రాదాండి?" అని మర్యాదగానే అడిగాడు. మర్యాదగా అడిగినవి మరీ గుచ్చుకుంటాయి.

నిజం చెప్పాలంటే రాదు. నాకు వచ్చిందల్లా మా పెద్దమ్మగారి అబ్బాయి మోపెడ్. దానికి గేర్లుండవు, పాదాలతో పనుండదు, రెండు బ్రేకులూ చేతుల్లోనే ఉంటాయి. దానిమీద బజారుకెళ్ళి కూరలు తెచ్చినవాడు మోటార్ సైకిలు వచ్చనుకోవడం, పడవలో కాలవ దాటినవాడు ఓడ నడుపుతాననడం లాంటిది. ఇది ఇప్పుడు తెలుసు. అప్పుడు మీసం తెలుసు.

మూడోరోజు వెళ్ళవలసిన ఊరు కాలవకు అవతల ఉంది. ఊరి పేరు చెప్పను. చెబితే అక్కడివాళ్ళకు మళ్ళీ గుర్తుచేసినట్టవుతుంది. అన్నిటికన్నా ముఖ్యమైన ఊరు అదే. మాకు అల్లేవాళ్ళలో పేరున్న మంగమ్మ గారిది ఆ ఊరు. హెల్గా గారికి చూపించడానికే, పన్నెండుమంది కూర్చునే బల్ల మీదికి సరిపడే పెద్ద గుడ్డ ఆవిడ నాలుగు నెలలు కూర్చుని అల్లింది. ఆర్డరు వస్తుందా రాదా అన్నది ఆ గుడ్డ మీదే ఆధారపడి ఉంది.

కాలవ మీద బల్లకట్టు ఎక్కి, బండితో సహా అవతలి గట్టుకు చేరాం. అక్కణ్ణుంచి ఊళ్ళోకి తిన్నని మట్టిరోడ్డు, రెండు ఫర్లాంగులు. దూరంగా ఊరి పెద్ద దండ పట్టుకుని నిలబడి ఉన్నాడు. చుట్టూ జనం. ఆ జనం ముందు ఈ తువ్వాళ్ళ మూటతో వెనక సీట్లో దిగాలి. నా వల్ల కాదనిపించింది.

"హెల్గా గారూ," అన్నాను, "మా దేశంలో ఒక ఆచారం ఉంది. ఊళ్ళోకి మొదటిసారి వచ్చే అతిథి తన బండి తాను నడుపుకు రాకూడదు."

ఆవిడ వెంటనే బండి ఆపి, పుస్తకం తీసి, ఆ ఆచారాన్ని రాసుకుంది. ఎవరూ ఎన్నడూ పాటించని ఆ ఆచారం జర్మనీలో ఎక్కడో ఇప్పటికీ భద్రంగా ఉండి ఉంటుంది.

"మరి మీకు ఈ రకం బండి వచ్చా?"

"చిన్నప్పట్నుంచీ."

"లైసెన్సు?"

నా జేబులో మునిసిపాలిటీవాళ్ళిచ్చిన సైకిలు లైసెన్సు రసీదు ఉంది. తెలుగులో ఉంది. గుండ్రటి ముద్ర కూడా ఉంది. గంభీరంగా విప్పి చూపించాను. ఆవిడ ముద్ర చూసి తల ఊపింది. ఇంతటి పాపాన్ని ఒక్క కాగితంతో చేసినవాణ్ణి నేను ఇంకొకణ్ణి చూడలేదు.

నడిపేవాడే పెట్టుకోవాలని ఆవిడ తన హెల్మెట్ తీసి నాకు తొడిగి, నా తువ్వాళ్ళు తను చుట్టుకుంది. పట్టీ బిగించి, ఏదో చెప్పడం మొదలుపెట్టింది. కుడికాలు చూపించింది, ఎడమకాలు చూపించింది, చేత్తో పైకీ కిందికీ అంది. నాకు శంఖం చెవిలో పెట్టుకున్నట్టు సముద్రఘోష తప్ప ఏమీ వినిపించలేదు. వినిపించలేదని చెప్పడం మర్యాద కాదని గట్టిగా తల ఊపాను.

బండి మూడుసార్లు ఆగిపోయింది. నాలుగోసారి ఆగలేదు. పలుపు తెంచుకున్న పెయ్యలాగా ఒక్క దూకు దూకింది. వెనక కూర్చున్న హెల్గా గారు ముప్ఫై ఏళ్ళ అనుభవంతో రెండు కాళ్ళూ నేలకానించి నిలబడిపోయింది. బండి ఆవిడ కింద నుంచి వెళ్ళిపోయింది. నేను బండితో వెళ్ళిపోయాను.

ఆవిడ దిగిపోయిన సంగతి నాకు తెలియదు. అతిథిని మాటల్లో పెట్టాలి గదా అని, హెల్మెట్ లోపల నుంచి ఇంగ్లీషులో వర్ణించడం మొదలుపెట్టాను. ఎడమపక్కవి కొబ్బరితోటలు. కుడిపక్కది వరి. మా ప్రాంతంలో సంవత్సరానికి రెండు పంటలు. "ఇక్కడి రైతులు చాలా నెమ్మదస్తులు" అని నేను ఖాళీ సీటుకు చెబుతుండగా ఒక రైతు చేలోకి దూకాడు.

వేగం ఎక్కువైందనిపించింది. బ్రేకు వేద్దామని కుడికాలు కిందికి నొక్కాను. అది గేరు. ఇంకో గేరు పడింది. బండి సంతోషించింది. ఇంకా గట్టిగా నొక్కాను. ఇంకోటి పడింది. భయానికి కుడిచెయ్యి హేండిలుకు బిగుసుకుపోయింది, ఎంత బిగిస్తే అంత వేగం పెరిగింది. మోపెడ్‌కు బ్రేకుండే చోట ఎడమచేత్తో నొక్కాను. అది క్లచ్. ఇంజను పెద్దగా అరిచింది. అరుపుకు బెదిరి వదిలేశాను. మళ్ళీ దూకింది.

దండ పట్టుకున్న పెద్దమనిషి ఎదురొచ్చాడు, పక్కకు తప్పుకున్నాడు. కోళ్ళగంప తప్పుకోలేకపోయింది. బిందె మోసుకొస్తున్న అమ్మాయి బిందె వదిలేసి గోడెక్కింది. రోడ్డు ఎక్కడ అయిపోయిందో అక్కడ ఒక వాకిలి ఉంది. ఆ వాకిట్లో దండేల మీద, ఉతికి గంజిపెట్టి ఎండలో ఆరేసిన లేసు గుడ్డలు వరసగా ఉన్నాయి. మధ్యలో, అన్నిటికన్నా పెద్దది, పన్నెండుమంది బల్లకు సరిపడేది.

నేను తిన్నగా దాని మధ్యలోకి వెళ్ళాను. తరవాత కొంతసేపు ప్రపంచమంతా తెల్లగా, పువ్వులు పువ్వులుగా కనిపించింది. అందమైన పనితనమని ఆ క్షణంలో కూడా అనిపించింది. ఆ తరవాత బండి గడ్డిమేటులో దూరి ఆగింది. నేను ఆగలేదు. గడ్డిమేటు మీద నుంచి అవతలి బురదగుంటలోకి, గుడ్డతో సహా, వెల్లకిలా పడ్డాను. మొగుడు కొట్టినందుకు కాదు, తోడికోడలు నవ్వినందుకు అన్నట్టు, నా బాధ పడినందుకు కాదు. ఆ గుంటలో ముందునుంచే పడుకున్న గేదె నన్ను ఒకసారి చూసి, లేచి వెళ్ళిపోయినందుకు.

ఊరు ఊరంతా వచ్చి గుంట చుట్టూ నిలబడింది. ఊరి పెద్ద దండ ఇంకా పట్టుకునే ఉన్నాడు.

"ఆగుతారనుకున్నామండి," అన్నాడు. "దండేద్దామని నిలబడ్డాం."

మంగమ్మ గారు జనాన్ని తప్పించుకుని ముందుకొచ్చింది. సన్నగా, నుదుట పెద్ద బొట్టుతో, చేతిలో ఇంకా కొక్కెం సూది పట్టుకుని ఉంది. లేవదియ్యడానికి ఇద్దరు వంగితే ఆపింది.

"ముందు గుడ్డ తియ్యండి. ఆయన్ని తర్వాత చూద్దాం."

గుడ్డ తీశారు. నన్ను తీశారు. ఈలోగా హెల్గా గారు రెండు ఫర్లాంగులూ పరుగెత్తుకుంటూ వచ్చింది. వచ్చి నా కళ్ళముందు మూడు వేళ్ళు పెట్టి ఎన్ని అని అడిగింది. మెడ తిప్పించింది. మోచెయ్యి వంచి చూసింది. తరవాత గడ్డిమేటులో ఇంకా గుడగుడలాడుతున్న ఇంజను ఆపి, పెట్రోలు కట్టేసి, మళ్ళీ నా దగ్గరకొచ్చింది.

"మీ ఎడమకాలు ఏది?"

చూపించాను.

"అది బ్రేకు."

అంతే. ఇంకేం అనలేదు. అని ఉంటే బాగుండేది.

మంగమ్మ గారు గుడ్డను మంచం మీద పరిచింది. బురద సంగతి సరే, అయిదుచోట్ల చిరిగింది. నడిమధ్య పెద్ద పువ్వు ఉండవలసిన చోట నా తల దూరిన కన్నం ఉంది. ఆవిడ దాన్ని వేళ్ళతో తడిమింది.

"మంగమ్మ గారూ, నావల్ల పెద్ద పొరపాటైపోయింది," అన్నాను.

"నాలుగు నెలలు బాబూ. కళ్ళు మండిపోతన్నా, మా ఆయనకి జొరమొచ్చినా మానకుండా కూచున్నాను. దొరసాని గారు చూసి ఎల్లినాక ఇలా అయినా ఏడ్చేదాన్ని కాదు." ఆవిడ జనంవైపు తిరిగింది. "అసలు ఈ బాబుకి బండి ఎవరిచ్చారో అడగండి."

"ఆవిడేమంటోంది?" అంది హెల్గా గారు.

"స్వాగతం చెబుతోంది," అన్నాను, బురద తుడుచుకుంటూ.

హెల్గా గారు మంగమ్మ గారి ముఖం చూసింది. నా ముఖం చూసింది. "స్వాగతంలా లేదు. ఉన్నది ఉన్నట్టు చెప్పండి."

చెప్పాను. ఆవిడకు మొదటిసారి నేను నిజంగా అనువాదం చేసింది నన్ను తిట్టిన తిట్లనే. అన్నీ చెప్పాక నా సొంతానికి ఇంకొకటి కలిపాను. ఆ ఆచారం లేదని, ఆ కాగితం సైకిలుదని. ఆవిడ కాసేపు కళ్ళు మూసుకుని తెరిచింది.

ఆ మధ్యాహ్నమంతా ఎవరో ఇచ్చిన పంచె చుట్టుకుని, అరుగు చివర, ఎవరికీ అడ్డం లేని చోట కూర్చున్నాను. మంగమ్మ గారు కుంకుడురసంతో ఆ గుడ్డ మూడుసార్లు ఉతికింది. ఆరీ ఆరకముందే ఆరుగురు ఆడవాళ్ళు చుట్టూ చేరారు. చిరిగిన చోటల్లా దారం కొసలు పట్టుకుని వెనక్కి విప్పుకుంటూ పోయి, బాగున్న చోట ఆగి, అక్కణ్ణుంచి మళ్ళీ అల్లుకుంటూ వచ్చారు. హెల్గా గారు కూడా సంచిలోంచి సొంత సూది తీసుకుని వాళ్ళ మధ్య బాసింపట్టు వేసుకుని కూర్చుంది. మాటలు తెలియకపోయినా సూది సూదికి తెలిసింది. వేళ్ళు చూసుకుని నవ్వుకుంటున్నారు. నా అవసరం ఎవరికీ పడలేదు. ఇంగ్లీషు లేకుండానే అన్నీ జరిగిపోతున్నాయి. నా బీకాం అక్కడికక్కడే రద్దయినట్టనిపించింది.

నాలుగింటికి పని పూర్తయింది. పైపైన గంజి చల్లి, ఇస్త్రీ చేసి మంచం మీద పరిచారు. హెల్గా గారు భూతద్దం తీసి, వంగి, ఈ కొస నుంచి ఆ కొస దాకా వెతికింది. రెండు అతుకులు పట్టుకుంది. మిగతా మూడు దొరకలేదు. నడిమధ్య పువ్వు దగ్గర రెండుసార్లు వెతికింది.

"ఎక్కడ చిరిగిందో చూపించమనండి," అంది.

మంగమ్మ గారు తల అడ్డంగా ఊపింది. "చూపిత్తే ఇంక బాగుచేసినట్టెలాగవుద్దండి?"

ఈ మాట ఒక్క అక్షరం పోకుండా అనువదించాను. హెల్గా గారు భూతద్దం మూసి, ఆవిడ రెండు చేతులూ పట్టుకుంది. చాలాసేపు వదల్లేదు.

బల్లకట్టు దాకా ఊరంతా సాగనంపింది. దండ హెల్గా గారి మెడలో పడింది. నేను తువ్వాళ్ళు చుట్టించుకుని వెనక కూర్చున్నాను. ఎవరూ నవ్వలేదు. నవ్వడానికి కూడా ఓపిక లేనట్టు చూశారు.

సత్యం వంగిన హేండిలు చూసి, దీపం పక్క కొత్త సొట్ట చూసి, నావైపు తిరిగాడు.

"అమ్మగారి పుస్తకం తియ్యమనండి. ఈ సొట్ట అందులో ఉందేమో చూద్దాం."

లేదు. ఉన్నవన్నీ ఉన్నాయి, అదొక్కటే లేదు. సంబంధం కలుపుకోడానికొచ్చారా అన్నవాడు ఆ రోజు ఆ పుస్తకానికి దణ్ణం పెట్టాడు. బాగుచేయించి ఇచ్చేదాకా నాన్నగారు నాతో మాట్లాడలేదు. తరవాత మాట్లాడారు. ఆ వారమంతా నేను ఆ మౌనాన్నే తలుచుకున్నాను.

హెల్గా గారు వెళ్ళిన మూడు నెలలకు పెద్ద కవరు వచ్చింది. ఆర్డరు. నేరుగా మాకే. మంగమ్మ గారి గుడ్డలాంటివి ముందు ఇన్ని, తరవాత ఇన్ని, ఏటా. నాన్నగారు దేవుడి ముందు కవరు పెట్టి దణ్ణం పెట్టుకుని, కొట్లో అందర్నీ కూర్చోబెట్టి, షరతులన్నీ గట్టిగా చదివి తెలుగులో చెప్పమన్నారు. అమ్మ వచ్చింది. మంగమ్మ గారికి కబురు పెడితే ఆవిడా వచ్చింది. వీరభద్రం గారు పిలవకుండానే వచ్చారు.

దారం ఏ రకం వాడాలి, గంజి ఎంత పెట్టాలి, ఎలా మడవాలి, పెట్టెలో కర్పూరం ఎంత వెయ్యాలి, వరసగా చదువుతూ పోయాను. చివరి షరతు దగ్గరకొచ్చి ఆగిపోయాను.

"ఏంటి, అయిపోయిందా?" అన్నారు నాన్నగారు.

"అయిపోయినట్టే నాన్నగారూ. చివర ఏదో మామూలు మాట. క్షేమంగా పంపండి అని."

"నాకు ఇంగ్లీషు రాకపోవచ్చు గాని," అన్నారాయన కాగితం మీదికి వంగి, "నా కొడుకు పేరు ఏ భాషలో ఉన్నా గుర్తుపట్టగలను. అదిగో, అక్కడ ఉంది. చదువు."

చదివాను. సరుకును అల్లిన చోటు నుంచి రేవు చేర్చేదాకా రైలులోగాని, లారీలోగాని, పడవలోగాని, ఎద్దుబండిలోగాని, మనుషుల నెత్తిన మోయించిగాని తీసుకెళ్ళవచ్చు. మిస్టర్ రత్నం మాత్రం, సరుకు ఉన్న ఏ ఊళ్ళోకైనా, ఏ పరిస్థితుల్లోనైనా, నడిచే రావలెను.

ముందు మంగమ్మ గారు కొంగు నోటికడ్డం పెట్టుకుంది. తరవాత అమ్మ. నాన్నగారు కాగితం తీసుకుని, అటూ ఇటూ చూసి, కింద సంతకం పెట్టి, సాక్షిగా నా చేతా పెట్టించారు.

కాబట్టి ఇందుమూలముగా యావన్మంది పాఠకులకు తెలియజేయునది ఏమనగా, మోటార్ సైకిలు అనబడే వాహనాన్ని నేను ఇకమీదట నడపను, నడపగలనని అనను, నడిపేవాళ్ళకు సలహా చెప్పను. ఆ ఒప్పందం ఏటేటా తిరగరాసుకుంటూ పద్ధెనిమిదేళ్ళు సాగింది. ధరలు మారాయి, దారం మారింది, చాలా షరతులు కొట్టేశారు. చివరిది ఒక్కటీ ఏ ఏడూ మార్చలేదు. ఆ పద్ధెనిమిదేళ్ళలో మా వైపు నుంచి దానికి ఒక్క ఉల్లంఘన కూడా జరగలేదని, ఎండలో వానలో ఆ ఊళ్ళన్నీ నడిచి నడిచి అరిగిపోయిన ఈ కాళ్ళ మీద ఒట్టు వేసి, సవినయంగా మనవి చేసుకుంటున్నాను.